గ్రిప్పు ఉన్నా పట్టు లేని టైర్లు: ఒక సెడాన్ కేసు

విజయవాడ ఆటోనగర్‌లో టైరు మీద కనిపించే గాడులనూ, వాటి మధ్య ఉండే రబ్బరు దిమ్మెలనూ కలిపి ‘గ్రిప్పు’ అంటారు. అవి అరిగితే గ్రిప్పు పోయిందంటారు, పూర్తిగా నున్నబడితే టైరు గుండైపోయిందంటారు. ఇరవై రెండేళ్లుగా టైర్లు మార్చడం, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయడమే నా వృత్తి కాబట్టి ఈ మాట నేనూ రోజంతా వాడుతూనే ఉంటాను. అయితే ఈ ఒక్క మాట వల్ల గ్రిప్పు కంటికి కనిపిస్తున్నంత కాలం టైరుకు రోడ్డు మీద పట్టు కూడా ఉంటుందన్న నమ్మకం మనలో గట్టిగా పాతుకుపోయింది. కింద వివరిస్తున్న కేసులో కారు యజమానికి ప్రాణాపాయం తప్పిపోయింది గానీ, ఆ ప్రమాదానికి మూలం ఈ నమ్మకమే.

2024 జూలై రెండో వారంలో ఒక సెడాన్ మా షాపుకు వచ్చింది. 2018 మోడల్, పెట్రోలు, అందులో పై వేరియంట్. 16 అంగుళాల అలాయ్ చక్రాలు, వాటికి 195/55 ఆర్ 16 సైజు టైర్లు (వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం, చక్రం 16 అంగుళాలు), ఓడోమీటరు మీద 52 వేల కిలోమీటర్ల చిల్లర. యజమాని లెక్చరర్‌గా పనిచేసి రిటైరైన మాస్టారు. ఆయన భార్యకు అంతకు ఏడాది ముందు వెన్నెముకకు ఆపరేషన్ జరిగింది. ఆవిడను నెలకోసారి హైదరాబాదు ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకురావాలి, అంటే 65వ నంబరు జాతీయ రహదారి మీద ఒక్కో వైపు సుమారు 275 కిలోమీటర్ల ప్రయాణం. ఆవిడ వెనక సీట్లో కూర్చుంటారు.

మాస్టారు రెండు ఫిర్యాదులు చెప్పారు. ఫ్లైఓవర్ మీద ఒక్కో అతుకు దాటినప్పుడల్లా ఆ కుదుపు నేరుగా ఆవిడ నడుముకు తగులుతోంది, 60 దాటితే కారులో విమానం మోత వినిపిస్తోంది. ఇది మొదటిది. రెండోదాన్ని ఆయన కొంచెం గొంతు తగ్గించి చెప్పారు. జూన్ చివర్లో, వేసవి తర్వాత తొలి జల్లు పడుతున్న సాయంత్రం చిల్లకల్లు టోల్ ప్లాజా దగ్గర బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కాలి కింద గడగడలాడిందట గానీ కారు ఆగలేదట, ముందున్న లారీకి జానెడు దూరంలో నిలిచిందట. ‘మెత్తటి టైరు వేస్తే పట్టు ఉండదంటారు, పట్టున్న టైరు గట్టిగా ఉంటుందంటారు. నాకు రెండూ కావాలి బాబూ, ఏదో ఒకటి వదులుకోవాల్సిందేనా?’ అని అడిగారు. బెంగళూరులో ఉన్న ఆయన కొడుకు 17 అంగుళాల చక్రాలు వేయించమని సలహా ఇచ్చాడు. నా దగ్గరకు రావడానికి రెండు నెలల ముందు మరో చోట మోత కోసం ముందు చక్రాల బేరింగులు రెండూ మార్చారు. మోత తగ్గలేదు, డబ్బు మాత్రం ఖర్చయింది.

కారు లిఫ్టు ఎక్కించక ముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిచాను. ముందు రెండింటిలో 41 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలిచే ప్రమాణం), వెనక 40. డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద కనిపించే స్టిక్కరులో కంపెనీ రాసింది 33. మైలేజీ పెరుగుతుందని ఎవరో చెబితే మూడేళ్లుగా బంకులో 40 కొట్టించుకుంటున్నానని ఆయనే చెప్పారు. టైరులోని గాలి కూడా ఒక స్ప్రింగే. షాక్ అబ్జార్బరుకంటే ముందు గోతిని ఎదుర్కొనేది అదే. దాన్ని ఏడెనిమిది పీఎస్‌ఐ బిగించి పెట్టి, ఆ పైన ఎంత ఖరీదైన టైరు వేసినా నడుముకు సుఖం ఉండదు. అది చాలదన్నట్టు గాలి ఎక్కువైతే రోడ్డును తాకే రబ్బరు వైశాల్యం తగ్గుతుంది. సుఖం, పట్టు రెండూ ఒకే చోట, ఒకే కారణంతో పోతున్నాయన్నమాట. ఈ కేసులో నాకు దొరికిన మొదటి ఆధారం ఇదే.

తర్వాత గాడుల లోతు కొలిచాను. వెనక టైర్లలో 4.6 మిల్లీమీటర్లు, ముందు కుడివైపు 4.1, ముందు ఎడమవైపు మధ్యలో 4.0, లోపలి అంచున 2.9. గాడుల అడుగున ఉండే అరుగుదల గుర్తులు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి కాబట్టి, ఆ లెక్కన చూస్తే ఇవి ఇంకా నడిచే టైర్లే. మా వీధిలో ఎవరిని అడిగినా మరో పదిహేను వేల కిలోమీటర్లు లాగించవచ్చనే చెబుతారు. అయితే పక్కగోడ మీద ఉన్న నాలుగంకెల తయారీ తేదీ 1118, అంటే 2018లో పదకొండో వారం. ఆరేళ్లు దాటిపోయాయి. రబ్బరు దిమ్మె మీద బొటనవేలి గోరు గుచ్చితే కొత్త టైరులో గోరు కొంచెం దిగి, తీయగానే గుంట మెల్లగా పూడుకుంటుంది. ఇక్కడ గోరు జారిపోయింది. కాఠిన్యం కొలిచే మీటరు ఆనిస్తే రబ్బరు ఎంత గట్టిదైతే అంత పెద్ద అంకె చూపే షోర్ ఏ స్కేలు మీద నాలుగు టైర్లకూ 78 నుంచి 80 వచ్చింది. షాపులో అదే తరగతికి చెందిన కొత్త టైరు మీద పెడితే 64 చూపించింది. గాడుల అడుగున పగుళ్లు తెల్లటి గీతల్లా సన్నగా బయటపడుతున్నాయి. ఆరు వేసవులు ఎండలో నిలబడిన కారు అది.

తడి రోడ్డు మీద టైరు చేయాల్సిన పనులు రెండు. ముందు నీటి పొరను గాడుల్లోంచి పక్కలకు తోసేయాలి. నీళ్లు పోయాక మిగిలే తడి మీద రబ్బరు దిమ్మె కంకర గరుకులోకి దిగి, ఆ ఆకారానికి ఒదిగి, మళ్లీ విడివడుతూ శక్తిని వేడిగా పోగొట్టుకోవాలి. పట్టు పుట్టేది అక్కడే. గాడులు చేసేది మొదటి పని ఒక్కటే, రెండోది పూర్తిగా రబ్బరు చేతిలో ఉంటుంది. చిల్లకల్లులో ఆ రోజు నీళ్లు నిలవలేదు, పడింది చిన్న జల్లే. లారీలు ఆగి కదిలే ఆ జాగాలో వేసవంతా పేరుకున్న నూనె, దుమ్ము ఆ జల్లుకు తడిసి మెత్తబడ్డాయి. అక్కడ కావలసింది గాడి లోతు కాదు, ఒదిగే రబ్బరు. మాస్టారి టైర్లకు గ్రిప్పు ఉంది, పట్టు లేదు.

మోత సంగతి అరచేతితోనే తేలిపోయింది. ముందు ఎడమ టైరు మీద చేతిని ఒక దిక్కుకు నిమిరితే నున్నగా, వెనక్కి నిమిరితే రంపపు పళ్లలా గుచ్చుకుంటూ తగిలింది. టో, అంటే చక్రాలు తిన్నగా ముందుకు చూసేలా ఉండాల్సిన కోణం, తప్పినప్పుడు టైరు దొర్లుతూనే కొద్దిగా పక్కకు ఈడ్చుకుపోతుంది, దిమ్మెలు ఒక అంచున ఎక్కువ అరిగి ఇలా తయారవుతాయి. ఆ పళ్లు రోడ్డును వరసగా కొడుతుంటే వినిపించే హోరు అచ్చం బేరింగు పోయినట్టే ఉంటుంది. బేరింగు మార్చక ముందు టైరు మీద ఒక్కసారి చెయ్యి వేసి ఉంటే ఆ ఖర్చు తప్పేది. షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు, లింక్ రాడ్లు అన్నీ చూశాను, బాగానే ఉన్నాయి. సుఖం లేదన్న ఫిర్యాదుతో వచ్చిన కారుకు ఇవి చూడకుండా టైర్లు అమ్మడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ రోజు ఏమీ అమ్మలేదు. గాలిని 33కు దించి, ఆవిడను కూర్చోబెట్టుకుని ఊళ్లో రెండు రోజులు తిరిగి రమ్మన్నాను. కుదుపు సగానికి తగ్గిందని మాస్టారు ఫోన్ చేశారు. ఆ సగం పైసా ఖర్చు లేకుండా వచ్చింది కాబట్టి, మిగిలిన సగానికి ఎంత ఖర్చు పెట్టాలో ఆయన నిదానంగా ఆలోచించుకోగలిగారు. తర్వాతి ఆదివారం, ఆటోనగర్ సెలవు రోజున, ఎదురుగా బండ్లు లేని ఒక లోపలి రోడ్డు మీద ట్యాంకరుతో నీళ్లు చల్లించి, ఫోన్‌లోని జీపీఎస్ వేగం 40 చూపినప్పుడు బ్రేకు తొక్కి, ఆగిన దూరాన్ని టేపుతో కొలిచాను. పాత టైర్లతో, సరైన గాలితో మూడుసార్ల సగటు 14.8 మీటర్లు. ఇది ప్రయోగశాల పరీక్ష కాదు. అదే రోడ్డు మీద అదే మనిషి అదే విధంగా తొక్కి చూసుకునే పోలిక మాత్రమే, అయినా కొత్త టైర్లు వేశాక పక్కపక్కన పెట్టి చూడటానికి ఇలాంటి ఒక అంకె చేతిలో ఉండాలి.

సైజు నిర్ణయం

ఈ కేసులో ఎక్కువ సమయం పట్టింది సైజు దగ్గరే. కొడుకు చెప్పిన 17 అంగుళాల దారిలో సహజంగా వచ్చే సైజు 205/45. దాని పక్కగోడ ఎత్తు 92 మిల్లీమీటర్లు, ఇప్పుడున్న టైరుది 107. పదిహేను మిల్లీమీటర్ల గాలి మెత్తను తీసేసి వెన్ను నొప్పి తగ్గాలనుకోవడం కుదరదు. పైగా మన రోడ్ల గోతుల్లో అంత సన్నని పక్కగోడకు బొబ్బలు రావడం, అలాయ్ అంచు వంగడం నేను తరచుగా చూస్తున్నదే. ఎండిన రోడ్డు మీద, వేగంగా తిరిగే మలుపులో ఆ టైరుకు నిజంగానే పట్టు ఎక్కువ, అందులో అబద్ధం లేదు. కాకపోతే మాస్టారు కోరిన పట్టు అది కాదు.

రెండో దారి ఉన్న చక్రాల మీదే 205/55 వేయడం. పక్కగోడ ఐదున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొత్తం వ్యాసం 621 నుంచి 632కు వెళ్తుంది. స్పీడోమీటరు చూపే దానికంటే కారు దాదాపు రెండు శాతం ఎక్కువ వేగంతో పోతుంది. టైరు బరువెక్కుతుంది, వెడల్పు పెరిగిన కొద్దీ నీటిని చీల్చుకుని పోవడమూ కొంత కష్టమవుతుంది. కంపెనీ ఆ కారుకు ఇవ్వని సైజు కాబట్టి వారంటీ, బీమా దగ్గర ప్రశ్నలు రావచ్చు. వచ్చే ఐదు మిల్లీమీటర్ల కోసం ఇన్ని ఒప్పుకోవడం నాకు సబబుగా తోచలేదు.

మూడో దారి డిక్కీలో కనబడింది. స్టెప్నీకి గాలి చూద్దామని తెరిస్తే అది 15 అంగుళాల ఇనుప రిమ్ము, దాని మీద 185/65 ఆర్ 15 టైరు. అదే కారు కింది వేరియంట్లకు కంపెనీ ఇచ్చేది ఈ సైజే. లెక్క చూస్తే పక్కగోడ 120 మిల్లీమీటర్లు, అంటే ఇప్పటి దానికంటే 13 ఎక్కువ. వ్యాసం 621.5, ఇప్పటిది 620.9. రెంటి మధ్య తేడా మిల్లీమీటరు కూడా లేదు కాబట్టి స్పీడోమీటరుతో పేచీ లేదు. లోడ్ ఇండెక్సు 88, అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, పాతది 87, 545 కిలోలు. వేగం అక్షరం మాత్రం పాతదానికి వి, అంటే 240 కిలోమీటర్లు, దీనికి హెచ్, అంటే 210. రెండూ మన రోడ్లకు అందనంత ఎత్తులో ఉన్నవే. చక్రం లోపల బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపరుకు 15 అంగుళాల రిమ్ము తగలదని స్టెప్నీనే ముందు చక్రానికి బిగించి, తిప్పి చూసి నిర్ధారించుకున్నాను.

ఇందులో వదులుకోవాల్సినవీ మాస్టారికి ముందే చెప్పాను. చక్రం చిన్నదై కారు అందం కొంచెం తగ్గుతుంది. స్టీరింగు తిప్పిన క్షణానికీ కారు ముక్కు తిరిగిన క్షణానికీ మధ్య పాతదానికంటే కాస్త ఎడం వస్తుంది, ఎందుకంటే ఎత్తైన పక్కగోడ ముందు తను వంగి తర్వాత కారును తిప్పుతుంది. నన్నడిగితే పోటీ ఉన్నది సుఖానికీ పట్టుకూ మధ్య కాదు. సుఖానికీ స్టీరింగు చురుకుదనానికీ మధ్య ఒక పోటీ, పట్టుకూ టైరు ఆయుష్షుకూ మధ్య ఇంకొకటి. కొనేవారు ఈ రెండింటినీ కలగలిపి ఆలోచించడం వల్లనే ఏదో ఒకటి వదులుకోవాలేమోనని భయపడతారు.

ఏ రకం టైరు?

ఈ సైజుకు మార్కెట్లో కొదవ లేదు. ఎక్కువ కిలోమీటర్లు నడవడమే గొప్పగా చెప్పుకునే టైర్లు ఒక తరగతి, వీటి రబ్బరు గట్టిది. టాక్సీలకు అవి సరిపోతాయి, ఎందుకంటే టాక్సీ ఏడాదిన్నర రెండేళ్లలో వాటిని అరగదీసేస్తుంది, ముసలితనం వచ్చేదాకా ఉంచదు. ఏడాదికి పది పదిహేను వేలు తిరిగే ఇంటి కారుకు వేస్తే అవి అరగకముందే ఎండిపోతాయి, మాస్టారి పాత టైర్లకు జరిగింది అదే. సుఖమైన దూర ప్రయాణాల కోసం చేసే టూరింగ్ తరగతి వేరు. మిషెలిన్ ప్రైమసీ, బ్రిడ్జ్‌స్టోన్ తురాంజా, కాంటినెంటల్ కంఫర్ట్‌కాంటాక్ట్ మన దగ్గర తరచుగా వినిపించే పేర్లు. వీటి రబ్బరులో కార్బన్ నలుపుతో పాటు సిలికా పాలు ఎక్కువ. 1990ల మొదట్లో మిషెలిన్ ఈ సిలికా రబ్బరును కారు టైర్లలోకి తెచ్చిన తర్వాతే తడిలో పట్టు పెంచుతూ దొర్లే నిరోధాన్ని, అంటే టైరు దొర్లేటప్పుడు వృథా అయ్యే శక్తిని, తగ్గించడం సాధ్యమైంది. అంతకు ముందు ఒకటి పెరిగితే రెండోది కూడా పెరిగేది.

కొనుగోలుదారులు అడిగే మూడు ముద్రల గురించి ఇక్కడే చెప్పాలి. బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ) నక్షత్రాల లేబులు దొర్లే నిరోధాన్ని, అంటే ఇంధన పొదుపును సూచిస్తుంది, తడి పట్టును కాదు. ఐదు నక్షత్రాలున్నాయి కదా జారదనుకోవడం పొరపాటు. కొన్ని టైర్ల మీద ఉండే ట్రెడ్‌వేర్ అంకెను, అంటే టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకెను, ఏ కంపెనీ టైరుకు ఆ కంపెనీయే వేసుకుంటుంది కాబట్టి, ఒక కంపెనీ 400నూ మరో కంపెనీ 400నూ పక్కపక్కన పెట్టి తూచకూడదు. ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి, అది లేని కారు టైరును నేను షాపులోకి రానివ్వను.

టూరింగ్ తరగతిలోంచే ఒక రకం నాలుగు టైర్లు తీసుకున్నాం. నాలుగూ ఒకే నెలలో తయారైనవి, అప్పటికి నాలుగు నెలల వయసు. పాతవాటిలా 60 వేలు నడవవని, 40 నుంచి 45 వేలు అనుకోమని చెప్పి కాగితం మీద రాసిచ్చాను. అరుగుదల గురించి ముందే మాట్లాడుకోకపోతే తర్వాత మంచి టైరుకే చెడ్డపేరు వస్తుంది.

రిమ్ములు ఆటోనగర్‌లోనే దొరికాయి. అదే మోడల్ కింది వేరియంటు నుంచి దించిన 15 అంగుళాల అలాయ్‌లు నాలుగు తెచ్చి, ఒక్కొక్కదాన్ని బ్యాలెన్సింగ్ మెషీను మీద తిప్పి, అంచుకు వెంట్రుకవాసి దూరంలో పెన్ను ముల్లు కదలకుండా పట్టుకుని చూశాను. మూడు రిమ్ముల అంచులు ముల్లుకు ఒకే ఎడంలో నడిచాయి. నాలుగోది ప్రతి చుట్టుకూ ఒకసారి దగ్గరకు వచ్చి ముల్లును తాకి టిక్‌మని పోయింది. కంటికి వంకర కనిపించదు, రంగు కూడా కొత్తగా వేశారు. దాన్ని తిప్పి పంపి మరొకటి కోసం రెండు రోజులు ఆగాం. కొత్త టైరు వేసి వంకర రిమ్ముకు సీసం ముక్కలు అతికించి సరిపెట్టడం నాకు చేతకాదు.

దించిన పాత టైర్లు నాలుగింటికీ అదే రోజు బేరం వచ్చింది. గ్రిప్పు 4 మిల్లీమీటర్లు ఉంది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో వెంటనే పోతాయి. మాస్టారిని అడిగి, ఆయన ఒప్పుకున్నాక, నాలుగింటి పక్కగోడలూ కట్టరుతో కోసేసి తుక్కుకు వేశాను. ఎవరో తెలియని కుటుంబం వాటి మీద వానలో టోల్ గేటు దాకా వెళ్లడం నాకు ఇష్టం లేదు.

అలైన్‌మెంట్ సరిచేసి, ఐదు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపాక మళ్లీ రమ్మన్నాను. అచ్చులోంచి టైరు సులువుగా ఊడిరావడానికి పూసే పదార్థం ఆ పాటి దూరం నడిస్తే గానీ పూర్తిగా పోదు. అయితే రెండో రోజే మాస్టారి ఫోన్ వచ్చింది. వెనక సీట్లో ఆవిడకు పెద్ద తేడా ఏమీ తెలియడం లేదట. పిలిపించి చూస్తే వెనక చక్రాలు రెండింట్లో 39 ఉంది. రిమ్ము మీద టైరు అంచు కుదురుకోవడానికి గాలి ఎక్కువ కొట్టి, తర్వాత 33కు దించాలి. ముందువి దించి వెనకవి మరిచిపోయింది నేనే. తప్పు ఒప్పుకుని సరిచేశాను. సాయంత్రానికి ఆవిడే స్వయంగా ఫోన్‌లో ‘ఇప్పుడు తెలుస్తోంది నాయనా’ అన్నారు. ఆ రోజు నుంచి షాపులో గాలి సరిచూసిన ప్రతి టైరు మీదా ఆ అంకెను సుద్దతో రాయడం నియమంగా పెట్టుకున్నాను.

ఐదు వందలు తిరిగాక అదే రోడ్డు, అదే ట్యాంకరు, అదే 40 వేగం. మూడుసార్ల సగటు 10.9 మీటర్లు. పాత టైర్లకంటే దాదాపు నాలుగు మీటర్లు తక్కువ, అంటే ఒక కారు పొడవు.

2025 జూన్‌లో కారు తిరిగి వచ్చేటప్పటికి కొత్త టైర్ల మీద 14,200 కిలోమీటర్లు నడిచింది. కొత్తలో 7.9 మిల్లీమీటర్లున్న గాడి 6.4కు దిగింది. తడి పట్టు కోసం నేను పెట్టుకున్న హద్దు 3 మిల్లీమీటర్లు. ఆ లెక్కన మొత్తం ఆయుష్షు 45 వేల చుట్టుపక్కల తేలుతుంది. కాఠిన్యం 64 నుంచి 66కు పెరిగింది. పెట్రోలు డైరీ రాసుకునే అలవాటున్న మాస్టారి లెక్కలో లీటరుకు 17.2 ఉన్నది 16.8 అయింది, అందులో గాలి 40 నుంచి 33కు దించిన వాటా కూడా ఉంది. దుర్గమ్మ ఫ్లైఓవర్ వంపుల్లో స్టీరింగు కాస్త నెమ్మదించిన మాట నిజమేనని, వారం రోజుల్లో చేతికి అలవాటైపోయిందని చెప్పారు. హైదరాబాదు ప్రయాణంలో ఆవిడ కోసం ఇంతకుముందు నందిగామ, సూర్యాపేట, నార్కెట్‌పల్లి మూడు చోట్లా ఆపి నడిపించేవారట, ఇప్పుడు సూర్యాపేటలో ఒక్కసారి ఆగుతున్నారట.

2018 నాటి స్టెప్నీ టైరు ఒక్క కిలోమీటరు కూడా నడవకపోయినా వయసు దానికీ ఒకటే కాబట్టి, ఈసారి దాన్నీ మార్చాం. ముందు ఎడమ టైరు లోపలి అంచు చేత్తో నిమిరి చూస్తే రెండు దిక్కులా ఒకేలా తగిలింది. ముందు చక్రాలు తిన్నగా వెనక్కి, వెనకవి అడ్డంగా మార్చి ముందుకు వేసి, ఐదింటి మీదా సుద్దతో 33 అని రాసి పంపించాను.